కత్తెర ఎవరి చేతిలో ఉంది?
(పాత సాహస చిత్రాల్లో పోయిన దృశ్యాలపై అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అనంతపురం సినిమా మిత్రులకు, తాడిపత్రి, గుత్తి, ధర్మవరం నుంచి ఇంత ఎండలో బస్సులు పట్టుకొని వచ్చిన పెద్దలకు నమస్కారం.

పాత సాహస చిత్రాల నుంచి తొలగించిన దృశ్యాల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఫలానా సినిమాలో ఒక దృశ్యం పోయిందని వినగానే, అది దొరికితే ఆ సినిమా ఇంకెంత గొప్పగా ఉండేదో అనిపించడం సహజం. ఆ అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. దర్శకుడు తన సినిమా బాగు కోసం తానే వదులుకున్న దృశ్యం ఉంటుంది, సెన్సారు కోసిన దృశ్యం ఉంటుంది, రోజుకు ఇంకొక ఆట పడుతుందన్న లెక్కతో పంపిణీదారు తగ్గించిన దృశ్యం ఉంటుంది, చివరికి మన ఊరి ఆపరేటర్ చేతిలో అరిగి తెగిపోయిన దృశ్యమూ ఉంటుంది. వీటన్నిటి మీదా ఒకే రకంగా జాలిపడడం సరికాదు. ఏ దృశ్యం గురించైనా మొదట అడగవలసిన ప్రశ్న, కోసినప్పుడు కత్తెర ఎవరి చేతిలో ఉందన్నదే.

దీనికి ఒకే సినిమాలో రెండు వైపులా సాక్ష్యం దొరుకుతుంది. 1933లో మెరియన్ కూపర్, ఎర్నెస్ట్ షోడ్‌శాక్ తీసిన ‘కింగ్ కాంగ్’ చూసినవారికి, లోయ మీద అడ్డంగా పడి ఉన్న పెద్ద మొద్దును కాంగ్ అనే రాక్షస వానరం ఎత్తి ఊపి, దాన్ని పట్టుకొని వేలాడుతున్న నావికులను కిందికి విదిల్చే ఘట్టం గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు మనం చూసే ప్రతిలో వారు లోయలో పడతారు, కథ ముందుకు సాగిపోతుంది. మొదట తీసినప్పుడు మాత్రం ఆ లోయ అడుగున పెద్ద పెద్ద సాలీళ్లు, పురుగులు, బల్లుల వంటి జంతువులు కాచుకొని ఉండి, కింద పడ్డవారిని పట్టుకు తినే దృశ్యం ఒకటి ఉండేది. విలిస్ ఓబ్రయన్ బృందం చిన్న చిన్న బొమ్మలను వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేము, మళ్లీ కదిపి ఇంకొక ఫ్రేము తీస్తూ తయారుచేసిన దృశ్యం అది; తెర మీద ఒక్క సెకను గడవాలంటే అలాంటి ఫ్రేములు 24 కావాలి. అంత శ్రమనూ కూపరే స్వయంగా పక్కన పెట్టేశాడు. ప్రేక్షకుడి మనసు కాంగ్ వెంట, అతడు ఎత్తుకుపోయిన అమ్మాయి వెంట పరుగెత్తుతున్నప్పుడు, పేరు కూడా సరిగా తెలియని నావికుల చావు దగ్గర కథ నిలబడిపోతోందన్నది అతని కారణం. ఆ భాగం ఫిల్ము ఇంతవరకూ దొరకలేదు. స్టిల్ ఫోటోలు, గీసిన బొమ్మలు మాత్రం మిగిలాయి. ఆ ఆధారాలతో దర్శకుడు పీటర్ జాక్సన్ 2005లో పాత పద్ధతిలోనే, నలుపు తెలుపుల్లో, ఆ దృశ్యాన్ని ముచ్చటపడి మళ్లీ తయారుచేయించాడు. పనితనం చూడముచ్చటగా ఉంది, సందేహం లేదు. అయినా దాన్ని ఆ చోట పెట్టి చూసిన తర్వాత కూపర్ చేసిందే సరైన పని అని నాకనిపించింది.

ఇక అదే సినిమాకు జరిగిన రెండో కోత చూడండి. 1934 నుంచి అమెరికాలో, తెర మీద ఏది చూపవచ్చో ఏది కూడదో చెప్పే నిర్మాణ నియమావళిని కఠినంగా అమలు చేయడం మొదలైంది కాబట్టి, 1938లో ‘కింగ్ కాంగ్’ను మళ్లీ విడుదల చేసినప్పుడు కొన్ని ముక్కలు తీసేయవలసి వచ్చింది. కాంగ్ కుతూహలంతో అమ్మాయి బట్టలు ఒలుస్తూ వేళ్లను వాసన చూసుకోవడం, మనుషులను నోట కరవడం, కాలికింద తొక్కడం, ఎవరో ఒక స్త్రీని కిటికీలోంచి లాగి, తనకు కావలసిన మనిషి కాదని తెలిశాక పైనుంచి జారవిడవడం, ఇవన్నీ పోయాయి. దశాబ్దాల పాటు జనం చూసింది ఈ సాధు కాంగ్‌నే. పాత ప్రతి ఒకటి బయటపడి 1970 ప్రాంతంలో ఆ ముక్కలను తిరిగి కలిపాక గాని కాంగ్ మీద మనకు కలగవలసిన భయం, జాలి రెండూ సరైన పాళ్లలో కుదరలేదు. మొదటి కోత సినిమాను నిలబెడితే, రెండోది దాన్ని వెలితి చేసింది.

దర్శకులు మెరుగు కోసం వదిలేసిన వాటికి ఇంకా రెండు ఉదాహరణలు చెప్పి ఊరుకుంటాను. 1954 నాటి ‘20,000 లీగ్స్ అండర్ ద సీ’లో రాక్షస జలచరంతో పోరాటాన్ని మొదట ప్రశాంతమైన సముద్రం మీద, సూర్యాస్తమయపు వెలుగులో తీశారు. ఆ వెలుగులో బొమ్మను లాగే తీగలు కనిపిస్తున్నాయని గ్రహించి, రాత్రి, తుఫాను, ఎగసిపడే అలలు పెట్టి మొత్తం ఘట్టాన్ని మళ్లీ తీశారు. ఈనాటికీ ఆ సినిమా అనగానే గుర్తొచ్చేది ఆ తుఫాను పోరాటమే. 1981 నాటి ‘రైడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్’లో జలాంతర్గామి బయలుదేరినప్పుడు దాని మీద నిలబడ్డ నాయకుడు, దీవి చేరేదాకా ఎలా బతికాడని మన కుర్రాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. పెరిస్కోపుకు తన కొరడాతో కట్టుకొని ప్రయాణించినట్టు తీసిన షాట్లు ఉన్నాయి; ఎడిటింగులో తీసేశారు. ప్రశ్న మిగిలింది గానీ వేగం దక్కింది, అంతకన్నా లోతైన రహస్యమేమీ అందులో లేదు.

పంపిణీ కత్తెర సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ఫ్రాంక్ కాప్రా తీసిన ‘లాస్ట్ హొరైజన్’ 1937లో 132 నిమిషాల నిడివితో వెలువడింది. ఆ తర్వాతి విడుదలల్లో దాన్ని కోస్తూ పోయారు. నాయకుడు తాగిన మైకంలో యుద్ధాన్ని, రాజకీయాన్ని ఎత్తిపొడిచే ప్రసంగం కూడా అలా పోయినవాటిలో ఒకటి, అది లేకపోతే ఆ మనిషి హిమాలయాల నడుమ శాంతినిలయానికి ఎందుకు లొంగిపోతాడో అర్థమే కాదు. అసలు నెగటివ్ పాడైపోయింది. 1973లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిన పునరుద్ధరణలో, ప్రపంచమంతా గాలించి, 132 నిమిషాల శబ్దాన్ని మొత్తం సంపాదించగలిగారు గాని, బొమ్మ మాత్రం 125 నిమిషాలకే దొరికింది. మిగిలిన 7 నిమిషాలు ఏం చేశారన్నదే నన్ను ఆకట్టుకున్న విషయం. సంభాషణలు నడుస్తుండగా ఆ దృశ్యాల స్టిల్ ఫోటోలను, ఆగిపోయిన ఫ్రేములను తెర మీద చూపించారు. ఎక్కడ వెలితి ఉందో ప్రేక్షకుడికి కళ్లెదుటే తెలుస్తుంది. కంప్యూటరుతో ఏ ముఖాన్నైనా కదిలించగలిగే ఈ రోజుల్లో ఆ నిజాయితీ నాకు మరింత గౌరవప్రదంగా కనిపిస్తోంది.

‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ది ఇంకొక దారి. 1962లో 222 నిమిషాలుగా ప్రదర్శించిన ఆ చిత్రం, కోతల మీద కోతలు పడి 187 నిమిషాలకు దిగింది. 1989 పునరుద్ధరణలో రాబర్ట్ హ్యారిస్ పోయిన ముక్కలను వెదికి తెచ్చాడు గాని, వాటిలో కొన్నిటికి శబ్దం లేదు. అందుచేత పీటర్ ఓటూల్, అలెక్ గిన్నిస్ వంటి నటులు పాతికేళ్లు దాటాక తమ పడుచు ముఖాలకు తామే మళ్లీ డబ్బింగ్ చెప్పారు. జాక్ హాకిన్స్ అప్పటికే మరణించాడు కాబట్టి అతని పాత్రకు చార్లెస్ గ్రే గొంతు ఇచ్చాడు. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: ముక్కలన్నీ చేతికొచ్చాక దర్శకుడు డేవిడ్ లీన్ వాటిని ఉన్నదున్నట్టు అతికించి వదల్లేదు, మళ్లీ కొన్ని నిమిషాలు తానే తగ్గించాడు. దొరికిందల్లా ఉండవలసిందే అనే అభిమానులు ఈ సంగతిని కాస్త మనసుపెట్టి ఆలోచించాలి.

రాయలసీమ సభలో ‘మెకన్నాస్ గోల్డ్’ పేరెత్తకుండా దిగితే మీరు నన్ను కిందికి రానివ్వరు. లోయలో దాగిన బంగారం కోసం సాగే వేట కథతో 1969లో వచ్చిన ఆ సినిమా, పుట్టిన దేశంలో అంతంతమాత్రంగా ఆడి, మన దేశంలో ఎన్నిసార్లు వేసినా హాలు నింపింది. పెన్నా కోసుకుంటూ పోయిన గండికోట లోయ అంచున నిలబడ్డ కడప కుర్రవాడికి ఆ బంగారు లోయ పరాయిదిగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. విరామంతో సహా సుమారు మూడు గంటలు నడిచే భారీ చిత్రంగా తలపెట్టిన దాన్ని చివరికి 128 నిమిషాలకు కుదించారు. కోత గుర్తులు సినిమాలోనే కనబడతాయి. బంగారం ఆశతో పట్టణం నుంచి ఒక పెద్దమనుషుల గుంపు వస్తుంది, ఎడ్వర్డ్ జి. రాబిన్సన్, లీ జె. కాబ్, ఆంథొనీ క్వేల్, ఈలై వాలక్ అంతటి నటులు అందులో ఉంటారు. వారెవరో మనం పోల్చుకునేలోపే అందరూ చచ్చిపోతారు. అంత డబ్బు పెట్టి అంతమందిని పిలిచింది ఆ కాసేపటి కోసమే అంటే నమ్మడం కష్టం. ఇక్కడ మాత్రం పోయిన దృశ్యాలు దొరికితే చూడాలని నాకూ ఆశ ఉంది.

ఇంతవరకూ పరాయి కత్తెరలు. మన ఊళ్ల కత్తెర సంగతి ఎవరూ రాయలేదు గాని, మనలో చాలామంది చూసింది ఆ కత్తెర తయారుచేసిన సినిమానే. పెద్ద పట్నాల్లో నెలల తరబడి ఆడి, అంచు రంధ్రాలు అరిగి, గీతలు పడ్డాక ప్రింటు మన పల్లెల టూరింగ్ టాకీసుకు వచ్చేది. ప్రొజెక్టరులో తెగిన చోట ఆపరేటర్ చిరిగిన ఫ్రేములు కత్తిరించి, అంచున బొమ్మ ముద్రపడే మందు పూతను బ్లేడుతో గీకి, ఫిల్ము సిమెంటు ఒక చుక్క రాసి, రెండు కొసలను కలిపి వేలితో నొక్కిపట్టేవాడు. అప్పటికి బెంచీల్లో ఈలలు మొదలయ్యేవి. 35 మి.మీ. ఫిల్ములో శబ్దపు చార తన బొమ్మకు 20 ఫ్రేములు ముందుగా ముద్రించి ఉంటుంది, ఎందుకంటే ఫిల్ము ముందు బొమ్మ గేటును దాటి, ఆ తర్వాతే శబ్దం చదివే భాగానికి చేరుతుంది. అందువల్ల ప్రతి అతుకు దగ్గరా ముందు బొమ్మ ఉలిక్కిపడుతుంది, సెకనుకు కాస్త తక్కువలో మాట తెగుతుంది. కత్తియుద్ధంలో కత్తి దిగాక అరుపు సగమే వినిపించిందంటే దాని అర్థం ఇదే. కోసిన ఆ ఫ్రేములు ఎక్కడికి పోయేవో ఈ సభలో తల నెరిసిన వారికి చెప్పనవసరం లేదు: నీళ్లు నింపిన బల్బు ముందు పెట్టి గోడ మీద బొమ్మ వేసుకున్న పిల్లల జేబుల్లోకి పోయేవి.

మరి మన జానపద సాహస చిత్రాల్లో తొలగించిన దృశ్యాలు ఎందుకు వినబడవు? ఒక కారణం ముడి ఫిల్ము ఖరీదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొరత వచ్చి, చిత్రం నిడివిని 11,000 అడుగులకు, అంటే రమారమి రెండు గంటలకు ప్రభుత్వం పరిమితం చేసింది. అప్పుడు పని నేర్చుకున్న తరానికి ఒక్క అడుగు వృథా చేయడమూ ప్రాణం మీదికొచ్చేది. ఇంకొక కారణం ఈ జిల్లా మనిషే. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘జగదేకవీరుని కథ’ తీసిన దర్శకుడు, సెట్టు మీదికి వెళ్లే ముందే సన్నివేశాలు చదివించి, స్టాప్‌వాచీతో కాలం కొలిచి, ఏది ఎన్ని అడుగులు రావాలో నిర్ణయించుకునేవారని పరిశ్రమలో అందరూ చెప్పుకొంటారు. కూపర్ ఎడిటింగు గదిలో చేసిన కోతను ఆయన కాగితం మీదే చేశారన్నమాట. తొలగించిన దృశ్యాల కోసం ఆయన సినిమాల్లో వెదికేవారికి నిరాశే మిగలవచ్చు, నా దృష్టిలో ఆయనకు అంతకుమించిన ప్రశంస లేదు.

మనకు నిజంగా పోయినవి వేరే ఉన్నాయి. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి మనకు మిగల్లేదు. ఆనాటి నైట్రేటు ఫిల్ము అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు, ఎందుకంటే మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. కాలనివి ఫిల్ము పూతలోని వెండి కోసం కరిగిపోయాయి. అయినా ఆశ వదులుకోనవసరం లేదు. జర్మన్ చిత్రం ‘మెట్రోపొలిస్’లో ఎనభై ఏళ్లుగా పోయాయనుకున్న భాగాలు 2008లో బ్వేనస్ ఐరిస్ మ్యూజియంలో, గీతలు పడ్డ 16 మి.మీ. ప్రతిలో బయటపడ్డాయి.

అందుకే ఒక పని అడుగుతున్నాను. మూతపడ్డ థియేటర్ల గదుల్లో, మిద్దెల మీద ఎవరికైనా రేకు డబ్బాలు కనిపిస్తే, వాటిని ఉత్సాహంతో ప్రొజెక్టరుకు ఎక్కించవద్దు. ఎండి కుంచించుకుపోయిన ఫిల్ము పళ్ల చక్రం మీద ఒక్కసారి తిరిగితే రంధ్రాలు చిరిగిపోతాయి. మూత తీయగానే పులిసిన వెనిగర్ వాసన వేస్తే అది నైట్రేటు తర్వాత వాడుకలోకి వచ్చిన ఎసిటేటు ఫిల్మని, కుళ్లడం మొదలైందని గుర్తు, దాన్ని మిగతా డబ్బాల నుంచి వేరుచేసి, ఎండ తగలని చల్లని గదిలో పెట్టండి. డబ్బా మీద పేరు, రీలు సంఖ్య రాసుకోండి. మొదటి రీలులో సెన్సార్ సర్టిఫికెట్టు ఉంటే అందులోని తేదీ, నిడివి, రీళ్ల లెక్క రాసుకోండి; దాని కింది మూలన చిన్న త్రికోణపు గుర్తు కనిపిస్తే సెన్సారు కోతలు పడ్డాయని అర్థం, అదీ రాసుకోండి. ఆ వివరాలతో 1964 నుంచి పుణెలో ఉన్న జాతీయ చలనచిత్ర భాండాగారానికి ఒక ఉత్తరం రాయండి. రాయడంలో సాయం కావాలన్నవారికి, సభ ముగిశాక నేను వెనుక వరుసలోనే ఉంటాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.