గోల్డ్ ఫిష్ మన బొచ్చెకి చుట్టమే

[దృశ్యం: భీమవరం పక్కన చెరువు గట్టు. ఇంకా తెల్లవారలేదు. పక్క రొయ్యల చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు.]

టైము నాలుగున్నర. అదిగో, టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరుగుతున్నాడే, ఆయన మా బాబాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయేమో చూస్తున్నాడు. రాత్రంతా చేపలతో పాటు నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది. అందుకే పొద్దు పొడిచే ముందు నీళ్ళలో అది బాగా తగ్గిపోతుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ని డీఓ అంటారు, మా వైపు దీన్నే 'డీఓ పడిపోయింది' అంటారు.

వీడియో గోల్డ్ ఫిష్ మీద, నేను నిలబడింది చేపల చెరువు మీద. ఎందుకంటే గోల్డ్ ఫిష్ కూడా కార్పు జాతే. బొచ్చె, శీలావతి దాని చుట్టాలు. చైనాలో వెయ్యేళ్ళ కిందట మామూలు బూడిద రంగు కార్పుల్లో ఎర్రగా పుట్టినవాటిని ఏరి పెంచుతూ పోతే వచ్చిన చేప ఇది. రంగు మారింది గానీ తిండి, రెట్ట, ఊపిరి, అన్నీ కార్పువే.

[దృశ్యం: బల్ల మీద ఖాళీ గుండ్రటి గాజు గిన్నె.]

ఇది నా పాపం. కొన్నేళ్ళ కిందట రెండు చేపలు, ఈ గిన్నె, ఒక మేత డబ్బా కొన్నాను. "ఏం చెయ్యక్కర్లేదండి, రోజూ నీళ్ళు మార్చేస్తే చాలు" అన్నాడు షాపులో అబ్బాయి. నాలుగో రోజు పొద్దున్న రెండూ తేలిపోయాయి. బాబాయికి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాడు: "ఎన్ని నీళ్ళకి ఎన్ని చేపలేశావురా?"

అయిదు లీటర్లకి రెండు. ఆయన ఇంకేం మాట్లాడలేదు.

చేప వదిలే రెట్ట నుంచి, మొప్పల నుంచి నీళ్ళలోకి అమ్మోనియా చేరుతుంది. అదే నీటిలో చేప ఊపిరి పీల్చాలి. చెరువులో నీళ్ళెక్కువ కాబట్టి అది పలచబడుతుంది, కొంత బాక్టీరియా తినేస్తుంది. గిన్నెలో ఆ రెండూ లేవు. పైగా గిన్నె మూతి చిన్నది కదా, గాలి తగిలే నీరు కాస్తే. ఇటలీలో రోమ్ నగరం 2005లోనే ఇలాంటి గుండ్రటి గిన్నెల్లో గోల్డ్ ఫిష్ పెంచడాన్ని నిషేధించింది. మనకింకా పుట్టినరోజు గిఫ్టుగా ఇస్తున్నారు!

'గిన్నె చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఉంటుంది' అనే మాట నమ్మకండి. అలా ఉండిపోయిందంటే అది ఎదుగుదల ఆగిన చేప. సరిగ్గా పెంచితే తోక పొడుగ్గా ఉండే కామెట్ రకం అడుగు దాకా పెరుగుతుంది. గుండ్రటి పొట్ట ఉండే ఒరాండా, బ్లాక్ మూర్ లాంటివి జానెడు వరకూ వస్తాయి. పది, పదిహేనేళ్ళు బతుకుతాయి. ఇప్పుడు ఒకటో క్లాసు చదివే పిల్లకి కొనిస్తే, ఆ పిల్ల ఇంటర్ పూర్తయ్యేదాకా ఇంట్లో ఉండే జీవి అన్నమాట.

[దృశ్యం: టేపుతో గాజు తొట్టి కొలవడం.]

పొట్ట చేపలకి గాజు తొట్టి బాగుంటుంది. ఒక్కదానికి కనీసం 75 లీటర్లు, ఆపైన ప్రతి చేపకీ మరో 40. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టికి 85 లీటర్లు పడతాయి, అంటే అది ఒక చేపకే. జంట కావాలంటే మూడడుగుల తొట్టి చూసుకోండి. ఎత్తు తొట్టి కంటే పొడుగు తొట్టి మేలు.

ఫిల్టర్ తప్పనిసరి. దాని స్పాంజిలో కాపురం పెట్టే బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఇది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా చేప వెయ్యకుండా రోజూ చిటికెడు మేత వేసి ఫిల్టర్ నడపండి, ఆ మేత కుళ్ళి వచ్చే అమ్మోనియానే బాక్టీరియాకి తిండి. తొట్టి పెట్టుకున్న స్నేహితులుంటే వాళ్ళ పాత స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, పని తొందరగా అవుతుంది. ఆ స్పాంజిని కుళాయి కింద మాత్రం కడగొద్దు, బాక్టీరియా కాస్తా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

నీళ్ళలో అమ్మోనియా, నైట్రైట్ ఎంతున్నాయో చూసే కిట్ల కోసం ఆన్‌లైన్‌లో వెతక్కండి. మన ఊళ్ళలో ఆక్వా మందుల షాపులున్నాయి కదా, అక్కడ అడగండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపని తేవాలి.

[దృశ్యం: బకెట్లలో మూడు రకాల నీళ్ళు.]

మన డెల్టాలో అసలు తంటా నీళ్ళతోనే. కోనసీమ, నరసాపురం వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. నాలుక మీద వేసుకుంటే తెలిసేంత ఉప్పుంటే వాడొద్దు. ప్లాంటు నుంచి తెచ్చుకునే ఆర్‌ఓ నీళ్ళు మరీ చప్పన, చేపకి కావాల్సిన ఖనిజాలు అందులో ఉండవు. మిగిలింది కుళాయి. వేసవిలో కాలువ కట్టేశాక అందరికీ మంచినీళ్ళ చెరువే దిక్కు. ఆ రోజుల్లో కుళాయి తిప్పితే బ్లీచింగ్ వాసన ఒక్కోసారి గుప్పుమంటుంది. క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. బకెట్లో పట్టి మూత లేకుండా ఒక రోజంతా ఉంచండి, లేదంటే షాపులో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి. నేనైతే రెండూ చేస్తాను. నాకు టెన్షన్ ఎక్కువ.

వారానికోసారి పావు వంతు నీళ్ళు మారిస్తే సరిపోతుంది. రోజూ మొత్తం పారబొయ్యడం తప్పు, షాపబ్బాయి చెప్పింది సరిగ్గా అదే. తీసిన నీళ్ళు కరివేపాకు మొక్కకి పొయ్యండి, ఎలా చిగురేస్తుందో చూడండి.

ఇక ఎండాకాలం. గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ళ చేప, 18 నుంచి 24 డిగ్రీలు దానికి హాయి. మే నెలలో మనకి ఎలా ఉంటుందో చెప్పాలా? నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. రెండూ ఒకేసారి! తొట్టి కిటికీకి దూరంగా పెట్టి, నీటి మీదికి చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పండి. కూజాలో నీళ్ళెందుకు చల్లబడతాయో ఇక్కడా అంతే. మధ్యాహ్నం మేత తగ్గించండి. ఐసు ముక్కలు నేరుగా వెయ్యకండి, ఒక్కసారిగా చల్లబడితే అదీ దెబ్బే. తుఫానుకి కరెంటు పోతే? రొయ్యల రైతులు జనరేటర్ వేస్తారు, మనకి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు చాలు. అదీ లేకపోతే మగ్గుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి తిరిగి పొయ్యడమే.

[దృశ్యం: పెరట్లో మామిడిచెట్టు కింద పాత సిమెంట్ గోలెం.]

పెరడు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది మాత్రం ఇదే. కుడితి గోలెం. గేదెలు పోయాక చాలా ఇళ్ళలో ఖాళీగా పడుంది. కామెట్ చేపలకి గాజు తొట్టి కంటే ఇదే నయం, 200 లీటర్లు పట్టేదైతే ఇంకా మంచిది. బాగా రుద్ది కడగండి, సబ్బు మాత్రం వద్దు. కొత్త సిమెంట్ తొట్టి అయితే సున్నం ఊరి నీళ్ళు చేపకి పడవు. రెండు మూడు వారాలు నీళ్ళు నింపి పారబోస్తూ ఉండాలి. స్పాంజి ఫిల్టర్ దీనికీ పెట్టాల్సిందే. నీడ ఉండాలి. అంచు కంటే బెత్తెడు కిందికే నింపండి, లేకపోతే వానకి పొంగి చేపలు వాకిట్లోకొస్తాయి. పైన వల కట్టండి. పిల్లి సంగతి సరే, లకుముకి పిట్ట ఒక్కసారి చూసిందంటే రోజూ వస్తుంది. దోమ పిల్లల్ని ఈ చేపలు తినేస్తాయి, ఆ భయం అక్కర్లేదు.

మేత గురించి ఎక్కువ చెప్పను. రెండు నిమిషాల్లో తినేంత, రోజుకి రెండుసార్లు. గుళికలు మునిగే రకం తీసుకోండి. అన్నం మెతుకులు, బ్రెడ్డు వద్దు. ఈ చేపకి జీర్ణాశయం లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అప్పుడప్పుడు ఉడికించిన పచ్చి బఠాణీ తొక్క తీసి వెయ్యండి.

అద్దం శుభ్రం చేస్తుందని సక్కర్ చేపని పక్కన వెయ్యమంటారు. వద్దు. అది గోల్డ్ ఫిష్ ఒంటి జిగురుని గీరి తింటుంది. పెంచలేక జనం వదిలేసిన ఆ చేపే ఇవాళ మన చెరువుల్లో పడి వలలు చింపుతోంది. గోల్డ్ ఫిష్‌ని కూడా విసుగొచ్చిందని కాలువలోనో కొల్లేట్లోనో వదలకండి. అడుగున ఉన్న మట్టి తవ్వి నీళ్ళు బురద చేస్తుంది, గుడ్లు వేలల్లో పెడుతుంది. గుర్రపుడెక్కతో పడుతున్నది చాలదా? తొట్టి ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యండి.

[దృశ్యం: గోలెంలో రెండు ఎర్రచేపలు. గట్టు మీంచి వచ్చిన బాబాయి తొంగిచూస్తున్నాడు.]

ఈ రెండూ మూడు వేసవులు దాటాయి. బాబాయి వచ్చినప్పుడల్లా ఇలాగే వంగి చూస్తాడు.

"జానెడు దాటాయిరా అబ్బాయ్. పట్టుబడి ఎప్పుడు?"