అమెరికాలో డాక్టరుకు బాధ చెప్పడం ఎలా? గ్యాస్, వేడి, నీరసం అంటే అక్కడ ఏమనుకుంటారు?

నమస్కారం అండీ. ఈ వీడియో ముఖ్యంగా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్న అమ్మానాన్నల కోసం. చదువుకోడానికి వెళ్తున్న పిల్లలకూ పనికొస్తుంది. అక్కడ ఒంట్లో బాగోలేకపోతే, దెబ్బ తగిలితే ఇంగ్లీషులో ఎలా చెప్పాలో చూద్దాం.

ముందుగా, గ్రామర్ గురించి టెన్షన్ పెట్టుకోకండి. అక్కడివాళ్ళు "మై లెగ్ హర్ట్స్" అంటారు. మీరు "మై లెగ్ ఈజ్ పెయినింగ్" అన్నా డాక్టరుకు అర్థమైపోతుంది. అసలు చిక్కు వేరే చోట ఉంది. మనం డాక్టరు దగ్గర కూర్చోగానే బాధ చెప్పం, దానికి మనం పెట్టుకున్న పేరు చెప్తాం. "గ్యాస్ పట్టేసిందండీ." "వేడి చేసిందండీ." "నీరసమండీ." ఆ మాట వెనక ఏముంటుందో మన ఊరి డాక్టరుకు తెలుసు. అక్కడి డాక్టరుకు తెలియదు. అందుకే పేరు పక్కన పెట్టి, ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పాలి.

[స్క్రీన్ మీద: ఐ హ్యావ్ గ్యాస్]

అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే. గుండెల్లో పట్టేసినట్టు ఉన్నా మనవాళ్ళు గ్యాసే అనుకుంటారు. "ఐ హ్యావ్ గ్యాస్" అంటే అక్కడ కడుపు ఉబ్బరం, కింది నుంచి గాలి పోవడం అనుకుంటారు. కంగారు పడాల్సిన విషయంగా ఎవరికీ అనిపించదు. అదే మీరు "ఐ హ్యావ్ చెస్ట్ పెయిన్" అన్నారనుకోండి, అంతా మారిపోతుంది. ఛాతీ నొప్పితో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళకు 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలని అక్కడి గుండె వైద్య సంఘాల మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీకు నొప్పి అనిపించక బరువు పెట్టినట్టు ఉంటే "ఐ ఫీల్ ప్రెషర్ ఇన్ మై చెస్ట్" అనండి. ఎడమ చేతిలోకి పాకుతుంటే "ఇట్ గోస్ డౌన్ మై లెఫ్ట్ ఆర్మ్". చెమటలు పడుతుంటే "ఐ యామ్ స్వెటింగ్". ఆయాసంగా ఉంటే "ఐ యామ్ షార్ట్ ఆఫ్ బ్రెత్". అది గ్యాసా గుండె జబ్బా అన్నది పరీక్షలు చూసి వాళ్ళు తేలుస్తారు. ఆ పని మనం చేయొద్దు.

వేడి చేసిందన్న మాటకు ఇంగ్లీషులో సమానమైనది లేదు. "బాడీ హీట్" అంటే జ్వరమనుకుని థర్మామీటర్ తెస్తారు. మీకు వేడి చేస్తే ఏమవుతుంది? నోట్లో పుండ్లా? "ఐ హ్యావ్ సోర్స్ ఇన్ మై మౌత్." మూత్రానికి వెళ్తే మంటా? "ఇట్ బర్న్స్ వెన్ ఐ పీ." పీ అనడానికి మొహమాట పడకండి, డాక్టర్లే ఆ మాట వాడతారు. మూత్రంలో మంట చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది. వేడి అని సరిపెట్టుకుంటే మందు పడక అది ముదురుతుంది.

నీరసం సంగతి దీనికి తలకిందులు. "వీక్‌నెస్" అనగానే అక్కడి డాక్టరు చేతులు పైకెత్తమంటారు, నవ్వమంటారు. పక్షవాతమేమో అని చూస్తున్నారన్నమాట. మామూలు నీరసానికి "ఐ ఫీల్ వెరీ టైర్డ్, ఐ హ్యావ్ నో ఎనర్జీ" అంటే చాలు. నిజంగానే ఒక పక్క చెయ్యి పట్టు తప్పినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా ఆ వీక్ అన్న మాటే సరైనది: "హిజ్ రైట్ ఆర్మ్ ఈజ్ వీక్." అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

కళ్ళు తిరుగుతుంటే "ఐ ఫీల్ డిజీ". వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: గది గిర్రున తిరుగుతోందా, లేక తూలి పడిపోతానేమో అనిపిస్తోందా? మొదటిదైతే "ద రూమ్ ఈజ్ స్పిన్నింగ్", రెండోదైతే "ఐ ఫీల్ లైట్‌హెడెడ్". రెండిటికీ కారణాలు వేరు కాబట్టి అలా అడుగుతారు. లూజ్ మోషన్స్ అన్నది మన దేశంలో మాట, అక్కడ "డయేరియా" అనాలి. వాంతికి "ఐ థ్రూ అప్". జలుబుకు "ఐ హ్యావ్ ఎ కోల్డ్". చలిగా ఉంటే మాత్రం "ఐ యామ్ కోల్డ్", ఈ రెండూ కలిపేయకండి. ఇంగ్లండ్ వెళ్ళే పిల్లలకు ఒక హెచ్చరిక. అమెరికాలో "ఐ వజ్ సిక్" అంటే ఒంట్లో బాగోలేదని. ఇంగ్లండ్‌లో ఎక్కువగా వాంతి అయిందనే అనుకుంటారు.

ఎన్నాళ్ళ నుంచి అని తప్పకుండా అడుగుతారు. మనకు "ఫ్రమ్ త్రీ డేస్" అలవాటు. "ఫర్ త్రీ డేస్" అనండి. రోజు పేరైతే "సిన్స్ మండే".

ఇక నొప్పి. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన భాషలో నొప్పికి ఉన్న మాటలు చాలా గొప్పవి. పోటు, సలుపు, తీపు, మంట, లాగడం, గుంజడం. మీరు ఏ మాట వాడతారో అదే జబ్బు ఎక్కడుందో డాక్టరుకు దారి చూపిస్తుంది. అన్నిటినీ "పెయిన్" అన్న ఒక్క మాటలో కలిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

[స్క్రీన్ మీద ఒక్కో మాటా వస్తుంది]

పొడిచినట్టు పోటు వస్తే "షార్ప్ పెయిన్". పంటిలోనో, చీము పట్టిన వేలిలోనో లబలబమని సలుపుతుంటే "త్రాబింగ్". సాయంత్రానికి కాళ్ళు తీపులు తీస్తే "మై లెగ్స్ ఏక్". మంటకు "బర్నింగ్". నడుం నుంచి పిక్క దాకా లాగుతుంటే "ద పెయిన్ షూట్స్ డౌన్ మై లెగ్". తిమ్మిర్లెక్కితే "టింగ్లింగ్". గిల్లినా తెలియకపోతే అది తిమ్మిరి కాదు, "నంబ్". షుగరు ఉన్నవాళ్ళు ఈ చివరి రెండూ బాగా గుర్తుపెట్టుకోండి, అరికాళ్ళ గురించి డాక్టరు అడిగేది అదే.

తర్వాత, సున్నా నుంచి 10 దాకా నొప్పి ఎంత అని అడుగుతారు. మన పెద్దవాళ్ళు మర్యాదకి "పర్లేదమ్మా, రెండో మూడో" అంటారు. రాత్రంతా నిద్రపోలేదని అప్పుడు చెప్పరు, కారులో ఇంటికొస్తూ చెప్తారు. దయచేసి అలా చేయకండి. అంకె చెప్పడం కష్టమైతే, నొప్పి వల్ల ఏ పని ఆగిపోయిందో చెప్పండి. "ఐ కాంట్ స్లీప్." "ఐ కాంట్ క్లైంబ్ స్టెయిర్స్." "ఐ కాంట్ పుట్ వెయిట్ ఆన్ దిస్ ఫుట్." అంకెకన్నా ఇవే ఎక్కువ పనికొస్తాయి.

దెబ్బల విషయానికొద్దాం. కాలు అనే మాట మనకు తొడ నుంచి పాదం దాకా సరిపోతుంది. ఇంగ్లీషులో లెగ్ వేరు, ఫుట్ వేరు, చీలమండ యాంకిల్. చెయ్యి కూడా అంతే: ఆర్మ్, రిస్ట్, హ్యాండ్. గుర్తు రాకపోతే వేలితో చూపించి "హియర్" అనండి, ఏ తప్పూ లేదు. బెణికితే "ఐ ట్విస్టెడ్ మై యాంకిల్". వాస్తే "ఇట్స్ స్వాలెన్". కమిలితే "బ్రూజ్". గీసుకుపోతే "స్క్రేప్". మెడ పట్టేస్తే "మై నెక్ ఈజ్ స్టిఫ్". నూనె చింది బొబ్బ లేస్తే "ఐ గాట్ బర్న్డ్ విత్ హాట్ ఆయిల్, దేర్ ఈజ్ ఎ బ్లిస్టర్". మనలో చాలామంది ఫ్రాక్చర్ అంటే సన్న చీలికని, బ్రోకెన్ అంటే పూర్తిగా విరగడమని అనుకుంటారు. డాక్టర్లకు రెండూ ఒకటే.

"దెబ్బ తగిలింది" అన్నదాన్ని "ఐ గాట్ హిట్" అని చెప్పకండి. ఎవరో కొట్టారనుకుంటారు. ఎలా జరిగిందో చెప్పండి: "ఐ స్లిప్డ్ ఇన్ ద బాత్‌రూమ్." "ఐ హిట్ మై హెడ్ ఆన్ ద డోర్." ఇంకో సంగతి, "డు యూ ఫీల్ సేఫ్ ఎట్ హోమ్?" అని చాలా ఆసుపత్రుల్లో నర్సు అడుగుతారు. మీ అబ్బాయి మీదో కోడలి మీదో అనుమానంతో కాదు, చాలామందిని అడిగే ప్రశ్నే. నిజంగా ఇంట్లో ఎవరైనా బాధపెడుతుంటే మాత్రం, అది చెప్పుకోడానికి ఇచ్చిన అవకాశం.

తలకు దెబ్బ తగిలితే రెండు అడుగుతారు. స్పృహ తప్పిందా, అంటే "డిడ్ యూ పాస్ అవుట్?" రెండోది "ఆర్ యూ ఆన్ బ్లడ్ థిన్నర్స్?" గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే చెప్పి తీరాలి. రక్తం గడ్డకట్టనివ్వవు కాబట్టి లోపల రక్తస్రావం అయ్యే ముప్పు ఎక్కువ.

మందుల పేర్లు కంపెనీ పేరుతో కాక, అసలు పేరుతో కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. డోలో అంటే అక్కడ తెలియదు. పారాసిటమాల్‌ని కూడా అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, షాపులో టైలెనాల్ పేరుతో దొరుకుతుంది. జ్వరం అంకె అమెరికాలోనూ ఫారెన్‌హీట్‌లోనే. ఇంగ్లండ్‌లో సెల్సియస్, అక్కడ 38 అంటే మన 100.4. షుగరు లెక్క కూడా ఇంగ్లండ్‌లో వేరు, మన 180 వాళ్ళకు 10. పుట్టిన తేదీ ప్రతి కౌంటర్‌లోనూ అడుగుతారు. అమెరికాలో నెల ముందు వస్తుంది కాబట్టి జూన్ 5 అని నెల పేరుతోనే చెప్పండి.

ప్రాణం మీదికొస్తే మనకు 108 ఎలాగో అమెరికాలో 911, ఇంగ్లండ్‌లో 999. ఇంటి అడ్రస్ ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించండి, ఎందుకంటే వాళ్ళు మొదట అడిగేవాటిలో అదే ముఖ్యం. తర్వాత ఒక్క వాక్యం: "మై హజ్బెండ్ హాజ్ చెస్ట్ పెయిన్" లేదా "షీ ఈజ్ నాట్ బ్రీతింగ్". వాళ్ళు చెప్పేదాకా ఫోన్ పెట్టేయకండి.

[స్క్రీన్ మీద: ఐ నీడ్ ఎ టెలుగు ఇంటర్‌ప్రెటర్]

ఈ వాక్యం తప్పకుండా నేర్చుకోండి. ఇంటర్‌ప్రెటర్ అంటే మీ మాట డాక్టరుకు, డాక్టరు మాట మీకు అనువదించి చెప్పే మనిషి. ఫెడరల్ ప్రభుత్వ డబ్బు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకు ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ను ఇవ్వాలని అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే అక్కడి ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ చెప్తోంది. సాధారణంగా ఫోన్‌లోనో వీడియోలోనో వస్తారు. కొడుకు పక్కనే ఉన్నాడు కదా, ఎందుకు అనుకోకండి. కొడుకు ముందు అమ్మ తన రక్తస్రావం గురించి చెప్పుకోలేదు. కొడుకైనా కంగారులో అమ్మ చెప్పిన పది మాటలను రెండు చేసి చెప్తాడు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడిగి పెట్టుకుంటే మంచిది. ఇండియా అనగానే కొందరు హిందీ వాళ్ళను కలిపేస్తారు. అప్పుడు "నాట్ హిందీ, టెలుగు ప్లీజ్" అని మళ్ళీ అడగండి, కలుపుతారు.