రిపోర్టులో మ్యుటేషన్ అని ఉంటే కూతురికీ వస్తుందా?

అందరికీ నమస్కారం. తిరుపతి ఎండలో ఇంత దూరం వచ్చారు, నేరుగా విషయానికొస్తా.

పోయిన నెల పీలేరు నుంచి ఒకామె వచ్చింది. రొమ్ములో క్యాన్సర్ గడ్డ, దాని జీన్ టెస్టు రిపోర్టు నాలుగు మడతలు పెట్టి పసుపు సంచిలో దాచుకొచ్చింది, 'టీపీ53 మ్యుటేషన్', అంటే టీపీ53 అనే జన్యువులో మార్పు, అన్న లైను కింద ఎర్ర పెన్నుతో ఎవరో గీత గీశారు. తన గురించి ఒక్క మాటా అడగలేదు. "నా కూతురికీ వస్తుందా మేడమ్?" అంది. సంబంధాలు చూస్తున్నారట, ఆ టెన్షన్‌తో వారంగా నిద్ర లేదట.

కణం అడ్డూ అదుపూ లేకుండా పెరగకుండా ఆపే జన్యువులే ట్యూమర్ సప్రెసర్లు. ఒక్కోటీ మనకు రెండేసి ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. తిరుమల ఘాట్ రోడ్డులో బండి మీద దిగుతుంటే ముందు బ్రేకు పోయినా వెనక బ్రేకు కాపాడుతుంది కదా, రెండూ పోతేనే ప్రమాదం. 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికా డాక్టరు పిల్లల కంటి క్యాన్సర్ కేసుల లెక్కలు చూసి చెప్పింది ఇదే.

టీపీ53 కూడా అలాంటి బ్రేకే. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపుతుంది, బాగుపడకపోతే చంపేస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 30 శాతంలో ఇది చెడిపోయి ఉంటుంది, ట్రిపుల్ నెగెటివ్ (ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్, హెర్2 పరీక్షలు మూడూ నెగెటివ్ వచ్చే) రకంలో ఇంకా ఎక్కువ. కానీ చాలామందిలో ఆ మార్పు గడ్డలోనే పుట్టి గడ్డలోనే ఉంటుంది, అండంలోకి పోదు, బిడ్డకు రాదు. పుట్టుకతో వచ్చిందో లేదో తేలాలంటే రక్తం పరీక్ష చేయాలి. ఆమెకు చేయించాం, లేదని వచ్చింది. ఆ కాగితం చూసి ఆమె ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను.

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 దగ్గర మాత్రం జాగ్రత్త. తెగిన డీఎన్ఏను అతికించే జన్యువులివి, వీటిలో లోపం పుట్టుకతోనే రావచ్చు. మొదటిది 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ చూపించారు. వంశంలో వచ్చే రొమ్ము క్యాన్సర్లు మొత్తంలో 5 నుంచి 10 శాతమే, అయితే అమ్మకో నాన్నకో ఆ లోపం ఉంటే ఒక్కో బిడ్డకూ ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. "మా అమ్మ వైపు ఎవరికీ లేదు" అని నిశ్చింతగా ఉంటారు. మరి మేనత్తకు నలభై ఏళ్లకే వచ్చిందే? నాన్నకు ఏ జబ్బూ లేకపోయినా ఆ లోపాన్ని కూతురికి ఇవ్వగలడు. మన చిత్తూరు వైపు మేనరికాలు చేసుకున్న ఇళ్లలో అయితే అమ్మ వైపు, నాన్న వైపు అని విడదీయడమే కుదరదు.

ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. "మీ జేజి కడుపులో గడ్డొచ్చి పోయింది" అంటే అక్కడితో వదలకండి, ఎక్కడ గడ్డ, ఏ వయసులో అని అడిగి రాసుకోండి, అండాశయం క్యాన్సర్ కూడా ఇవే జన్యువులు చెడితే రావచ్చు.