అమెరికా నల్లజాతీయుల గుండెకు అందని వైద్యం

సభకు నమస్కారం.

అమెరికాలో నల్లజాతీయులు గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోతున్నారనగానే, లోపం వాళ్ల రక్తంలోనే ఉందనుకుంటారు చాలామంది. వైద్యం ఏ మెట్టు దగ్గర ఆగిపోతోందో ముందు చూద్దాం.

హార్ట్ ఫెయిల్యూర్‌తో, అంటే గుండె రక్తాన్ని సరిగా పంపలేని జబ్బుతో, ఆసుపత్రిలో చేరినవారికి ప్రాణాపాయం ఎంతో అంచనా వేయడానికి 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ స్కోరు ఒకటి వచ్చింది. వయసు, బీపీ, నాడి, రక్తంలో సోడియం, యూరియా, ఊపిరితిత్తుల జబ్బుతో పాటు జాతినీ అందులో చేర్చారు. నల్లజాతి కాని రోగికి 3 పాయింట్లు అదనం. మిగతావన్నీ సమానంగా ఉన్నా, నల్లజాతి రోగికి ప్రమాదం తక్కువన్నట్టు ఆ స్కోరులో లెక్క తేలింది. ఆ అంకెను నమ్మితే, గుండె నిపుణులు చూడాల్సిన మనిషి జనరల్ వార్డుకు వెళ్లిపోవచ్చు.

మందు ఉండీ అందకపోవడం ఇంకో బాధ. రక్తనాళాలను సడలించే హైడ్రలజీన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్ కలిపిన మాత్రను హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న 1,050 మంది నల్లజాతి రోగుల్లో, అప్పటికే వాడుతున్న మందులకు తోడుగా పరీక్షించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 10.2 శాతం చనిపోతే, అసలు మాత్ర వేసుకున్నవారిలో 6.2 శాతమే. 2005లో అనుమతి వచ్చింది. అయినా అవసరమైనవాళ్లలో చాలామందికి రాయడం లేదు. రోజుకు మూడుసార్లు వేసుకోవాలి, మొదట్లో తలనొప్పి వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పి, చిన్న మోతాదుతో మొదలుపెట్టకపోతే రోగి మధ్యలోనే మానేస్తాడు.

అసలు జబ్బు దాకా రానివ్వకూడదంటే బీపీని పట్టుకోవాలి. లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ రోనాల్డ్ విక్టర్ బృందం ఆ పనిని 52 బార్బర్ షాపుల్లో చేసి చూపింది. పై బీపీ 140 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న 319 మంది నల్లజాతి మగవాళ్లను తీసుకున్నారు. కొన్ని షాపుల్లో బార్బరే ఉప్పు తగ్గించమని, డాక్టరును కలవమని చెప్పాడు. మిగతా షాపులకు ఫార్మసిస్టు వచ్చాడు. డాక్టర్లతో ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడే మందు రాశాడు: మొదట బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్, దానికి తోడు ఏసీఈ ఇన్హిబిటర్ లేదా ఏఆర్‌బీ అనే రకం బీపీ మందు, చాలకపోతే మూడోదిగా, ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపే ఇండాపమైడ్. రక్తంలో లవణాల పరీక్ష కూడా చూసుకున్నాడు. ఆరు నెలలకు ఫార్మసిస్టు వచ్చిన షాపుల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది, సలహాతో సరిపెట్టిన చోట 9.3. బీపీ 130/80 లోపుకు వచ్చినవారు ఫార్మసిస్టు వచ్చిన చోట 63.6 శాతం, సలహా మాత్రమే ఇచ్చిన చోట 11.7 శాతం. 2018లో ఫలితాలు వెలువడ్డాయి.

మందులు కొత్తవి కావు, మనుషులూ ఆ ఊరివాళ్లే. మందు రాసే అధికారమున్న మనిషి వాళ్లు నమ్మే చోటికి నెలనెలా వచ్చాడు, బీపీ దిగేదాకా మోతాదు పెంచుతూ పోయాడు. ఇది ఊరూరా జరగాలంటే ఫార్మసిస్టుకు ఆ అధికారాన్ని రాష్ట్ర చట్టం ఇవ్వాలి, అతని జీతం, ప్రయాణ ఖర్చు బీమా సంస్థలు భరించాలి. బీపీ ముదిరి పక్షవాతం వచ్చాక ఆసుపత్రి బిల్లు కడుతున్నది వాళ్లే కదా.