ఒకే బీప్ చాలదు

అందరికీ నమస్కారం. ఇక్కడ యంత్రాలు డిజైన్ చేసేవాళ్లు, యంత్రాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్ రాసేవాళ్లే ఎక్కువ కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

చూపులేనివాళ్లకు మైక్రోవేవ్‌నో వాషింగ్ మెషీన్‌నో అనువుగా చేయాలంటే ముందు గుర్తొచ్చేది బ్రెయిలీ స్టిక్కర్. చెడ్డదేం కాదు. అయితే పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు. పైగా బటన్ దొరకడంతో పని సగమే అయింది. నొక్కాక యంత్రం ఏ స్థితిలోకి వెళ్లిందో తెలియాలి. అసలు ఇబ్బంది అక్కడుంది.

ప్లాస్టిక్ పొర కింద బటన్లుండే మెంబ్రేన్ కీప్యాడ్‌ను వేలితో తడిమినా ఏమీ కాదు, గట్టిగా నొక్కితేనే పనిచేస్తుంది. స్టార్ట్, స్టాప్, 5 అంకె, ఈ మూడింటి మీద ఉబ్బెత్తు చుక్కలు అంటిస్తే చాలు. అన్నిటికీ అంటిస్తే ఏది ఏదో వేలికి తెలియదు. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి ఆరనివ్వండి, లేకపోతే ఊడిపోతాయి.

గాజు టచ్ ప్యానెల్ సంగతి వేరు. వెతుకుతున్న వేలినే నొక్కుడు అనుకుంటుంది. పల్చటి ప్లాస్టిక్ షీటుకు బటన్ల దగ్గర చిల్లులు చేసి పరిస్తే ఆగుతుందనుకోకండి. గాజు గుండానే వేలిని పసిగట్టే సెన్సర్‌కు ఆ పొర ఒక లెక్క కాదు. చుక్కను బటన్ పక్కన, సెన్సర్‌కు అందనంత దూరంలో అంటించి, అక్కడి నుంచి వేలు జరపాలి. నిజమైన మందు మాత్రం ఫర్మ్‌వేర్‌లో ఉంది. తాకితే పేరు చెప్పడం, రెండుసార్లు తడితే పనిచేయడం అనే పద్ధతి 2009లోనే ఐఫోన్ 3జీఎస్‌లో, తెర మీదున్నది చదివి వినిపించే వాయిస్‌ఓవర్‌తో వచ్చింది. స్పీకర్ లేని యంత్రంలో, ఒక సెకను ఆనించి ఉంచితేనే పనిచేసే మోడ్ అయినా పెట్టవచ్చు.

ఇక బజర్. ఏ బటన్ నొక్కినా ఒకే బీప్ వస్తే దానివల్ల తెలిసేది ఏమీ లేదు. వేడి పెంచితే హెచ్చు స్వరం, తగ్గిస్తే తగ్గు స్వరం, హద్దు చేరితే రెండు పొట్టి బీప్‌లు ఉండాలి. ప్యాసివ్ బజర్ అయితే ఫ్రీక్వెన్సీ మార్చి ఇవన్నీ చేయవచ్చు. యాక్టివ్ బజర్‌లో స్వరం పుట్టించే ఆసిలేటర్ లోపలే ఉంటుంది, ఒకే స్వరం పలుకుతుంది. అప్పుడు తేడా అంతా బీప్‌ల సంఖ్యలో, నిడివిలో చూపాలి. అందుకే ఏ బజర్ వాడాలన్నది విడిభాగాల జాబితా రాసేటప్పుడే తేల్చుకోండి.

హద్దు లేకుండా తిరిగే నాబ్, నొక్కిన కొద్దీ మోడ్ మారే బటన్ మరో చిక్కు. వాడేవాళ్లు నొక్కులు లెక్కపెట్టుకుంటారు. పోయినసారి వాడిన ప్రోగ్రామ్‌ను గుర్తుంచుకుని యంత్రం అక్కడి నుంచే మొదలెడితే ఆ లెక్క తప్పుతుంది. ఎప్పుడూ ఒకే చోట మొదలవ్వాలి, లేదా మొదటి మోడ్‌కు విడిగా ఒక స్వరం ఉండాలి.

“యాప్ ఇచ్చాం కదా” అంటారు. బొమ్మ మాత్రమే ఉన్న బటన్‌కు కోడ్‌లో పేరు రాయకపోతే, తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ “బటన్” అని ఊరుకుంటుంది. ఫోన్‌ను యంత్రంతో జత చేసే అంకెలు యంత్రం తెర మీద మాత్రమే కనిపిస్తే యాప్ యంత్రంతో కలవడమే జరగదు.

తెర మీద నల్ల కాగితం అంటించి, ప్లగ్ ఒకసారి తీసి మళ్లీ పెట్టి, ఒక ప్రోగ్రామ్ మొదలెట్టి, మధ్యలో రద్దు చేయమని మీ టీమ్‌కు చెప్పండి. చూపులేని వాడుకరి చేసే పరీక్షకు ఇది బదులు కాదు. ఆ పరీక్షకు ముందే మీరు దిద్దుకోవాల్సిన తప్పులు ఇందులో బయటపడతాయి, అంతే.