ఉద్యోగి ఇంటి అడ్రసు వేరు, ఉద్యోగి చేసిన పని వేరు

(సమాచార హక్కు చట్టం మీద ఉద్యోగులు, సమాచార అధికారులు, దరఖాస్తుదారులు కలిసి కూర్చున్న ఒక సదస్సులో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ హాలులో ఒకవైపు ప్రభుత్వ ఉద్యోగులున్నారు, వాళ్లలో కొందరు ప్రజా సమాచార అధికారులు, అంటే సమాచారం అడిగే దరఖాస్తులకు జవాబిచ్చేవాళ్లు. ఇంకోవైపు సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టేవాళ్లున్నారు. మధ్యలో నడవ కూడా బాగా వెడల్పుగా వదిలారు. నేను చెప్పబోయేది రెండు వైపులా కొంత నచ్చకపోవచ్చు, ముందే చెప్పేస్తున్నాను.

ప్రభుత్వ ఉద్యోగి సొంత వివరాలకు రక్షణ కావాలి. అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఏ వివరాలు ఇవ్వకూడదో చట్టం పేరు పెట్టి చెప్పాలి. అలా చెప్పకుండా 'వ్యక్తిగత సమాచారం' అని ఒక్క మాట రాసి తలుపు మూసేస్తే, రాత్రిపూట అపరిచితుల ఫోన్లతో వేగే ఉద్యోగినికి ఒరిగేదేమీ ఉండదు. దొంగ సర్టిఫికెట్‌తో ఉద్యోగంలో చేరినవాడు మాత్రం హాయిగా నిద్రపోతాడు.

ఇప్పుడు మన దేశంలో అచ్చంగా అదే జరిగింది. ఎలా జరిగిందో చూద్దాం.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అందులో 8(1)(జె) అనే క్లాజు మొదటి నుంచీ ఉద్యోగులకు గొడుగులా ఉండేది. ప్రజా కార్యకలాపంతోగానీ ప్రజా ప్రయోజనంతోగానీ సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, బయటపెడితే ఒకరి సొంత బతుకులోకి అకారణంగా చొరబడినట్టయ్యే సమాచారాన్ని ఇవ్వనక్కర్లేదని అది చెప్పేది. విస్తృత ప్రజా ప్రయోజనం కనిపిస్తే మాత్రం ఇవ్వవచ్చు. కింద ఒక చిన్న షరతు కూడా ఉండేది: పార్లమెంటుకు, శాసనసభకు కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదు. నా దృష్టిలో ఆ చట్టంలో అందమైన వాక్యం అదే.

ఈ క్లాజు మీద సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో తీర్పు ఇచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ శాఖలో పనిచేసే ఒక అధికారి గురించి దరఖాస్తుదారు అడిగిన జాబితా చాలా పెద్దది. నియామక ఉత్తర్వులు, మెమోలు, షోకాజ్ నోటీసులు, ఆస్తులు, అప్పులు, ఆదాయ పన్ను రిటర్నులు, చివరికి ఆయన కొడుకు పెళ్లిలో వచ్చిన కానుకల వివరాలు కూడా. కానుకల దగ్గరికి వచ్చేసరికి మనకు నవ్వొస్తుంది గానీ, లంచం కవర్లో వస్తుందా పెళ్లి పందిట్లో వస్తుందా అన్నది ఏసీబీ వాళ్లను అడిగితే తెలుస్తుంది. కోర్టు మాత్రం ఇవన్నీ ఉద్యోగికీ యజమానికీ మధ్య వ్యవహారం, సర్వీసు నిబంధనల కిందికి వస్తాయి, విస్తృత ప్రజా ప్రయోజనం చూపిస్తే తప్ప ఇవ్వనక్కర్లేదు అంది.

ఆ 'తప్ప' అన్న మాట కింది ఆఫీసులకు చేరేలోపు ఎక్కడో రాలిపోయింది. తీర్పు పేరు ఒక రబ్బరు స్టాంపు అయింది. ఒక పంచాయతీ కార్యదర్శి ఎన్ని రోజులు విధులకు వచ్చాడని అడిగినా దేశ్‌పాండే తీర్పే, ఇంజినీరుకు పడిన శిక్ష ఏమిటని అడిగినా దేశ్‌పాండే తీర్పే. 2019 నవంబరు 13న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సుభాష్ చంద్ర అగర్వాల్ కేసులో మళ్లీ వివరంగా చెప్పింది. అర్హతలు, పనితీరు, మదింపు నివేదికలు, క్రమశిక్షణ చర్యలు, వైద్య రికార్డులు వ్యక్తిగతమే, అయినా ప్రజా ప్రయోజనంతో తూకం వేసి చూడాలి అంది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తులు చెప్పిన తర్వాత కూడా ఆ తూకం అలాగే నిలిచింది. అది గుర్తుంచుకోవాలి.

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని 44(3) సెక్షన్, సమాచార హక్కు చట్టంలోని పాత 8(1)(జె)ని తీసేసి, వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది అన్న ఒక్క చిన్న ముక్కను అక్కడ పెట్టింది. 2025 నవంబరులో నిబంధనలు ప్రకటించినప్పుడు ఈ సవరణను వెంటనే అమల్లోకి తెచ్చారు. ప్రజా కార్యకలాపం అన్న మాట పోయింది. అకారణంగా అన్న మాట పోయింది. శాసనసభకు కాదనలేనిది మనిషికీ కాదనకూడదన్న షరతు కూడా దాంతోపాటే పోయిందని చదువుకోవాల్సి వస్తోంది.

కేంద్ర ప్రభుత్వం జవాబు ఏమిటంటే, 8(2) ఇంకా ఉంది కదా అని. నిజమే, ఉంది. హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ప్రభుత్వ సంస్థ సమాచారం ఇవ్వవచ్చు అంటుందది. కాకపోతే 'ఇవ్వవచ్చు' అనే మాటతో ప్రభుత్వ ఆఫీసులో ఎన్ని ఫైళ్లు కదులుతాయో ఇటువైపు కూర్చున్నవాళ్లకు నేను చెప్పాలా? పాత క్లాజులో తూకం వేయడం సమాచార అధికారి పనిలో భాగం. ఇప్పుడు అది ఒకరు ధైర్యం చేసి పైవాళ్లను ఒప్పించి తెచ్చుకోవాల్సిన మినహాయింపు అయింది. 2012లో జస్టిస్ ఏపీ షా కమిటీ గోప్యత చట్టం సమాచార హక్కును కుదించకూడదని చెప్పింది. 2018లో శ్రీకృష్ణ కమిటీ ఈ క్లాజును మార్చమంది గానీ, హానిని తూచే పద్ధతి ఉంచమంది. రెండూ పక్కన పడ్డాయి.

ఇక ఉద్యోగుల వైపు వస్తాను. అసలు మీ వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోతున్నాయి? సమాచార హక్కు దరఖాస్తుల నుంచి పోయేది తక్కువ. ఎక్కువ భాగం మన శాఖలే ఊరికే పంచిపెడుతున్నాయి.

మన రెండు రాష్ట్రాల్లో ఉపాధ్యాయ బదిలీలు వచ్చాయనుకోండి. సీనియారిటీ జాబితా పీడీఎఫ్ వస్తుంది. వచ్చిన పది నిమిషాల్లో జిల్లాలోని ప్రతి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, స్పౌజ్ పాయింట్లు (భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇచ్చేవి), ప్రిఫరెన్షియల్ కేటగిరీ (ప్రత్యేక కారణంతో బదిలీలో ముందు వరస ఇచ్చేది). ఆ కేటగిరీ గడిలో ఏం రాసి ఉంటుంది? ఒకామె పేరు ఎదురుగా వితంతువు అని, ఇంకొకామె ఎదురుగా భర్త నుంచి చట్టప్రకారం విడిపోయారని, ఒక మాస్టారి ఎదురుగా కిడ్నీ మార్పిడి అని. ఆయన పాఠం చెప్పే పిల్లల తల్లిదండ్రులకు కూడా తెలిసిపోతుంది. దీన్ని ఎవరూ దరఖాస్తు పెట్టి అడగలేదు.

కానీ ఆ జాబితా మొత్తం దాచేద్దామా అంటే, అక్కడే అసలు చిక్కు. పట్టణానికి దగ్గర బడి కోసం దొంగ వైద్య సర్టిఫికెట్ పెట్టారన్న ఫిర్యాదులు ప్రతి బదిలీలోనూ వింటాం. నిజంగా జబ్బు పడ్డ మనిషికో, పన్నెండేళ్లు ఏజెన్సీలో పనిచేసి వరసలో నిలబడ్డవాళ్లకో ఆ అబద్ధం వల్ల అన్యాయం జరుగుతుంది. ఎవరికి ఏ పాయింట్లు ఎందుకు వచ్చాయో తోటి టీచరుకు కనబడకపోతే అభ్యంతరం ఎలా పెడుతుంది?

నాకు తోచిన దారి చెప్తాను. పాయింట్లు బయట పెట్టండి. ప్రిఫరెన్షియల్ అని పెట్టండి, జబ్బు పేరు వద్దు. ఎన్ని సర్టిఫికెట్లు మెడికల్ బోర్డుకు పంపారు, ఎన్ని తిరస్కరించారు అన్న లెక్క తప్పకుండా ప్రకటించండి. అభ్యంతరం పెట్టిన వ్యక్తికి బోర్డు నిర్ణయం రాతపూర్వకంగా చెప్పండి, స్కాన్ రిపోర్టు చేతిలో పెట్టొద్దు. సర్టిఫికెట్ అబద్ధమని తేలితే ఆ ఉత్తర్వు పేరుతో సహా బయటికి రావాలి, అప్పుడు గోప్యత మాట ఎత్తకూడదు. ఇది చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఎక్సెల్ షీట్లో ఒక కాలమ్ తీసేస్తే చాలు.

ఫోన్ నంబర్ల సంగతి కూడా ఇంతే. ఆఫీసు సిమ్ ఇవ్వని శాఖ, ఉద్యోగిని సొంత నంబరు గోడ మీద పెయింటుతో రాయిస్తుంది. రేపు ఎవరైనా అదే నంబరు దరఖాస్తు పెట్టి అడిగితే మాత్రం వ్యక్తిగతం అంటుంది! ఇక ఆధార్. ఎవరి ఆధార్ నంబరూ బహిరంగంగా పెట్టకూడదని 2016 ఆధార్ చట్టమే చెబుతోంది. అయినా 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటికి కనిపించే స్థితిలో ఉండొచ్చని అంచనా వేసింది. వాటిలో రెండు పోర్టళ్లు ఆంధ్రప్రదేశ్‌వి. అవి లబ్ధిదారుల వివరాలు, ఉద్యోగులవి కావు. అయితే జాగ్రత్త లేకపోవడం ఇద్దరి విషయంలోనూ ఒకటే.

పేరు పెట్టి రక్షించడం ఎలాగో చూడాలంటే అమెరికాలో ఉదాహరణలున్నాయి. 2020 జులైలో న్యూజెర్సీలో ఒక మహిళా ఫెడరల్ జడ్జి ఇంటికి దుండగుడు వచ్చి, 20 ఏళ్ల ఆమె కొడుకును కాల్చి చంపాడు. ఆ పిల్లవాడి పేరుతోనే అదే ఏడాది నవంబరులో ఆ రాష్ట్రం డేనియల్స్ లా తెచ్చింది. జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, పోలీసుల ఇంటి అడ్రసు, బయటికి ఇవ్వని ఫోన్ నంబరు ప్రచురించకుండా చేసింది. వాళ్ల తీర్పులు, జీతాలు దాచమని మాత్రం అనలేదు. టెక్సస్‌లో ఇంకో పద్ధతి. ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన 14 రోజుల్లోపు, నా ఇంటి అడ్రసు, ఇంటి ఫోను, కుటుంబ వివరాలు ఇవ్వొద్దు అని ఉద్యోగి ఫారం మీద ఎంచుకోవచ్చు. డాలస్ చుట్టుపక్కల ప్రభుత్వ యూనివర్సిటీల్లో పనిచేసే మనవాళ్లుంటే అడగండి. వాళ్ల జీతం ఎవరైనా చూడొచ్చు, ఇంటి నంబరు మాత్రం వాళ్లు వద్దంటే ఎవరికీ ఇవ్వరు.

మన చట్టంలో కూడా జీతం రహస్యం కాదు. సెక్షన్ 4(1)(బి) ప్రకారం ఉద్యోగుల డైరెక్టరీ, ఒక్కొక్కరి నెల జీతం ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. కాకపోతే జీతం వేరు, పే స్లిప్ వేరు. స్థూల జీతం ప్రజల డబ్బు. అందులోంచి సొసైటీ అప్పుకు ఎంత పోతోంది, ఏ కోర్టు అటాచ్‌మెంట్ ఉంది, ఎల్ఐసీకి ఎంత కడుతున్నారు, ఇవి ఆ మనిషి సొంత గొడవ. ఆస్తుల విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. ఐఏఎస్ అధికారుల స్థిరాస్తి వివరాలు ఏళ్లుగా వెబ్‌సైట్లో ఉన్నాయి, 2025 మేలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులే తమ ఆస్తుల వివరాలు వెబ్‌సైట్లో పెట్టారు. వాళ్లకు లేని ఇబ్బంది సబ్ రిజిస్ట్రారుకు ఎందుకు?

ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, వేధించే దరఖాస్తులు కొన్ని ఉన్నాయని మొత్తం చట్టాన్ని మూసుకోకండి. వేధింపు దరఖాస్తులు ఉన్నాయి, నేను కాదనను. పై అధికారి మీద కోపంతో తోటి ఉద్యోగే ఇంకొకరి పేరుతో పెట్టించేవి కూడా ఉంటాయి. దానికి మందు చట్టంలోనే ఉంది, కాసేపట్లో చెప్తాను.

సమాచార అధికారులకు ఇప్పుడు ఇంకో టెన్షన్ మొదలైంది. కొత్త డేటా రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని విన్నారు. వివరం ఇస్తే అది నా మెడకు చుట్టుకుంటుందేమోనని. నెమ్మదిగా వినండి. ఆ జరిమానా డేటా చూసుకునే సంస్థ మీద, గుమాస్తా మీద కాదు. పైగా ఆ సెక్షన్లు నిబంధనలు వచ్చిన 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి. ఏదైనా చట్టం ప్రకారం బహిరంగపరచాల్సిన బాధ్యత ఉండి బయటపెట్టిన వివరాలకు ఈ డేటా రక్షణ చట్టమే వర్తించదు, కాబట్టి సెక్షన్ 4 జాబితాలకు భయం లేదు. సదుద్దేశంతో చేసిన పనికి సమాచార హక్కు చట్టం 21వ సెక్షన్ రక్షణ ఉంది. మీ జేబుకు నేరుగా తగిలేది 20వ సెక్షన్: అకారణంగా ఆపితే రోజుకు 250 చొప్పున 25,000 దాకా.

రేపు మీ టేబుల్ మీదకు ఫలానా ఇంజినీరు ఎస్ఆర్ (సర్వీసు రిజిస్టరు) మొత్తం జిరాక్స్ కావాలని ఒక దరఖాస్తు వస్తుందనుకుందాం. మొత్తం ఇవ్వొద్దు, మొత్తం ఆపొద్దు. పదో సెక్షన్ తీయండి, ఇవ్వదగ్గ భాగాన్ని విడదీసి ఇవ్వమంటుందది. నియామకం, అర్హత, పోస్టింగులు, పదోన్నతులు, అంతిమంగా పడిన శిక్షలు ఉన్న పేజీలకు ప్రజా ప్రయోజనం రాసి, 8(2) కింద పైవాళ్ల ఆమోదానికి ఫైలు పెట్టండి. సొంత అడ్రసు, నామినీలు, పుట్టుమచ్చలు, సెలవులకు పెట్టిన వైద్య కారణాలు నల్ల సిరాతో కొట్టేయండి, ఎందుకు కొట్టేశారో దరఖాస్తుదారుకు రాయండి. ఆ ఇంజినీరు తన వివరాలను గోప్యంగా ఉంచాలని కోరి ఉంటే 11వ సెక్షన్ కింద ఐదు రోజుల్లో నోటీసు పంపండి, ఆయనకు జవాబివ్వడానికి పది రోజులుంటాయి.

ఇంజినీరు గారూ, ఆ జవాబులో 'నా వ్యక్తిగత సమాచారం, ఇవ్వొద్దు' అని ఒక ముక్క రాసి సంతకం పెట్టి పంపకండి. ఏ పేజీలో ఏ వివరం, అది బయటికొస్తే మీకు ఏం హాని, అది రాయండి. దరఖాస్తుదారులు కూడా, ఎందుకు కావాలో చెప్పక్కర్లేదని ఆరో సెక్షన్ చెప్పినా, కొత్త పరిస్థితుల్లో ప్రజా ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాలు మీరే రాసి ఇవ్వండి. 8(2) కింద ఫైలు పెట్టే అధికారికి అవి పనికొస్తాయి.

ఇక ప్రశ్నలు. ముందు సమాచార అధికారులు అడగండి. మిగతావాళ్లకు అడగడం ఎలాగూ అలవాటే.