లావా మందం చెప్పే లెక్క

శ్రోతలకు నమస్కారం. అంగారకుడి మీద లావా పారిన జాడలు ఉపగ్రహ చిత్రాల్లో చక్కగా కనిపిస్తాయి. ఆ లావా ఎంత చిక్కగా ఉండేదో, ఎన్నాళ్లు పారిందో మాత్రం కనిపించదు. లెక్క కట్టాల్సిందే. ఆ లెక్క నిలుస్తుందా లేదా అన్నది తేలేది భూమి మీద.

పాత పద్ధతి తేలికైనది. ప్రవాహం అంచు ఎత్తును నీడను బట్టో, లేజర్‌తోనో కొలుస్తారు. సాంద్రత, గురుత్వం, మందం, వాలు కోణం సైను, ఈ నాలుగింటినీ గుణిస్తే ఎంత ఒత్తిడికి ఆ లావా కదులుతుందో వస్తుంది. ఆ ఒత్తిడి ఎంత ఎక్కువైతే లావా అంత చిక్కటిదన్నమాట. సాంద్రత ఘనమీటరుకు 2,600 కిలోలు, మందం 20 మీటర్లు, వాలు అర డిగ్రీ అనుకోండి. అంగారకుడి గురుత్వంతో సుమారు 1,700 పాస్కల్‌లు. అక్కడి గురుత్వం మన దాంట్లో 38 శాతమే. అదే లావా అదే వాలులో ఆగాలంటే ఇక్కడికన్నా 2.6 రెట్లు మందంగా పేరుకోవాలి.

అసలు చిక్కు వేరే ఉంది. వచ్చిన మందంతోనే లావా గడ్డకట్టిందని ఈ సూత్రం నమ్ముతుంది. హవాయిలో 1990లో కలపన ఊరిని కప్పేసిన లావా అలా చేయలేదు. జానెడు మందంతో వచ్చి, వేడి పాల మీద మీగడలా పెంకు కట్టింది. కింద కొత్త లావా చేరుతూనే ఉండటంతో పెంకు పైకి లేచి, ప్రవాహం కొన్ని మీటర్ల మందమైంది. లావా పలచనిదే. చల్లారాక కొలిచి పాత సూత్రంలో వేస్తే మాత్రం చిక్కటిదని జవాబొస్తుంది.

అయితే ఆ పెంకే గడియారంగా పనికొస్తుంది. అక్కడి కొలతల నుంచి తేల్చింది ఇదీ: పెంకు మందాన్ని మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 164.8తో గుణిస్తే, ఆ పెంకు కట్టడానికి, అంటే కింద లావా పారుతూ ఉండటానికి, ఎన్ని గంటలు పట్టిందో వస్తుంది. ఒక మీటరు పెంకుకు దాదాపు 7 రోజులు, 3 మీటర్లకు 62 రోజులు, 6 మీటర్లకు 247 రోజులు. క్వారీ గోడలో చూస్తే పైభాగమంతా బుడగల రంధ్రాలు, ఒక చోట అవి ఆగిపోయి కింద గట్టి రాయి మొదలవుతుంది. పైనుంచి అక్కడి దాకా కొలిస్తే అదే పెంకు మందం. పైపొర కోతకు గురై ఉంటే రోజులు తక్కువగా వస్తాయి, అది ముందే చూసుకోవాలి.

రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల నల్లరాయి కూడా ఇలాంటి లావాయే. రసాయన కూర్పు, వయసు దక్కన్ లావాతో కలుస్తాయి కాబట్టి, పాత లోయల వెంట పడమటి నుంచి వందల కిలోమీటర్లు వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. పెంకు కింద వేడి నిలవకపోతే అంత దూరం రావడం కష్టం. చంద్రుడి ఇంబ్రియం మైదానంలో 1,200 కిలోమీటర్లు పారిన లావా విషయంలోనూ ఇదే ప్రశ్న.

అంగారకుడి మీద బుడగలు కనబడవు. అత్యుత్తమ కెమెరా చిత్రంలోనూ ఒక చుక్క అంటే నేల మీద పావు మీటరు. అందుకే బల్లపరుపు పైభాగం, నిటారు అంచులు, పగుళ్లు తేలిన గుబ్బలు, లావా పొంగకుండా మిగిలిపోయిన గుంటలు వెతుకుతారు. ఇవి కనబడితే పాత సూత్రం పక్కన పెట్టాలి. అలాగని 164.8ని అక్కడ వాడెయ్యకూడదు. అది హవాయి గాలికి, వానకు చల్లారిన లావా అంకె. అంగారకుడి గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా లేదు, వాన అసలే లేదు. పద్ధతిని సరిచూసుకోవడానికి ఐస్‌లాండ్‌లోని హోలుహ్రాన్ అనువైనది. అక్కడ లావా 2014 ఆగస్టు చివర పారడం మొదలై 2015 ఫిబ్రవరిలో ఆగింది, ఇసుక మైదానంలో సుమారు 84 చదరపు కిలోమీటర్లు కప్పింది. పై నుంచి తీసిన చిత్రాలతోనే లెక్క కట్టి, ఎన్ని నెలలు వచ్చిందో చూసుకోవచ్చు. అసలు జవాబు ఆరు నెలలు.